సోదరుని బలిగొన్న జబ్బుపై జీవితమంతా పోరు
భీమవరం బిడ్డ డాక్టర్ సుబ్బారావు

భీమవరం: ప్రభుత్వాసుపత్రికి వెళ్లిన గర్భిణులకు ఇచ్చే రక్తహీనత మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ ఉంటుంది. ఆ విటమిన్‌ను ఫ్యాక్టరీలో తయారుచేసే దారి కనుగొన్న పరిశోధక బృందానికి నాయకత్వం వహించినది ఈ జిల్లావారే. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు ఆయన జన్మించారు. ఇంట్లో లేమి. చిన్నతనంలోనే కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకుని బతుకుదామని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి వెనక్కు రప్పించి బడికి పంపారని చెబుతారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు.

యువకుడిగా ఉండగానే సోదరుడు పురుషోత్తం స్ప్రూ అనే జబ్బుతో మరణించారు. ఈ జబ్బు పట్టుకుంటే విరేచనాలు విడవవు. తిన్నది ఒంటబట్టదు. రక్తం తగ్గి మనిషి కృశించిపోతాడు. ఒంట్లో కొరవడినది ఏమిటో ఆ రోజుల్లో ఏ వైద్యునికీ తెలియదు. కళ్లెదుట జరిగిన ఆ మరణం సుబ్బారావు గారిని జీవితాంతం వెంటాడింది.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపునందుకుని ఖద్దరు ధరించారు. అది నచ్చని ఇంగ్లీషు ప్రొఫెసరు వల్ల ఎం.బి.బి.ఎస్. పట్టా చేజారి, అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. కొంతకాలం ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. మామగారు, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అందించిన సాయంతో 1922లో అమెరికా చేరారు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేస్తూ హార్వర్డులో చదివారు.

కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. పదార్థాలపై ఫిస్క్‌తో కలిసి ఆయన చేసిన పరిశోధన 1920లలోనే శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. అయినా హార్వర్డులో తగిన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి పరిశోధనలకు నాయకత్వం వహించారు.

ఒంట్లో పోషకాలు తగ్గిన మనిషికి క్రిములు సోకితే తట్టుకోవడం కష్టం. సుబ్బారావు గారి కృషి ఈ రెండు వైపులా సాగింది. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. సోదరుని పొట్టన పెట్టుకున్న స్ప్రూకు ఆ విటమిన్ మందుగా పనిచేసింది. 1947లో బోదకాలు క్రిములపై పనిచేసే హెట్రజాన్ వెలువడింది. మన గోదావరి పల్లెల్లో ఇంటింటికీ పంచిన డి.ఇ.సి. మాత్ర అదే. ఆయన పర్యవేక్షణలో డాక్టర్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి రాబట్టిన ఆరియోమైసిన్ 1948లో బయటకు వచ్చింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో ఇదే మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనానికి ఇచ్చినది ఈ జాతి మందే.

1948 ఆగస్టులో గుండెపోటుతో అమెరికాలోనే ఆయన కన్నుమూశారు. అప్పటికి 53 ఏళ్లు. భార్య శేషగిరి గారిని, కన్న ఊరిని విడిచి వెళ్లిన మనిషి 26 ఏళ్లలో ఒక్కసారీ తిరిగి రాలేకపోయారు. 1995లో శతజయంతి సందర్భంగా తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

ఆసుపత్రిలో ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ మాత్రలను కొందరు గర్భిణులు వికారంగా ఉందని పక్కన పడేస్తుంటారు. అలా మానేయక డాక్టరుకో, నర్సుకో చెప్పి, వారి సలహాపై వాడుకోవాలి. ఆకుకూరల్లోనూ ఈ విటమిన్ ఉంటుంది. అతిగా ఉడికిస్తే చాలావరకు పోతుంది.