స్థానం నరసింహారావు: చీరకట్టుతో పద్మశ్రీ దాకా

1956లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పద్మశ్రీ జాబితాలో ఒక తెలుగు రంగస్థల నటుడి పేరు ఉంది. ఆయన స్థానం నరసింహారావు. పద్మ పురస్కారాలు మొదలై అప్పటికి రెండేళ్లే. ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడలేదు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం నడుస్తోంది. తెలుగు నటుల్లో ఆ గౌరవం మొదట దక్కింది ఆయనకే. చీర కట్టి, జడ వేసుకుని, సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా మూడున్నర దశాబ్దాలు రంగస్థలాన్ని ఏలిన మనిషిని ఢిల్లీ ఆ ఏడాది గుర్తించింది.

అప్పటికే ఆ కళకు రోజులు దగ్గరపడ్డాయి. మగవారు ఆడవేషం కట్టాల్సిన అవసరం సినిమాలో లేకుండా పోయింది, నాటకంలోనూ తగ్గిపోతోంది. స్థానం జీవితాన్ని గొప్ప నటుడి విజయగాథగా మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. ఆయన వెలిగిన వేదిక మీద ఆడవాళ్లకు ఎందుకు చోటు లేకపోయిందన్నది మిగిలిన సగం.

రాని నటుడి బదులు

నరసింహారావు 1902 సెప్టెంబరు 23న బాపట్లలో పుట్టారు. 1920లో తండ్రి చనిపోవడంతో ఇంటి భారం మీద పడింది. ఆ ఏడాదే బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ఆడుతుంటే చంద్రమతి వేషధారి రాలేదు. ఆ వేషం నరసింహారావు వేశారు. అనుకోకుండా వచ్చిన ఆ ఒక్క అవకాశం జీవితాన్నే మార్చేసింది.

మరుసటి ఏడాది, 1921లో, ఆయన తెనాలి రామవిలాస సభలో చేరారు. ఆ రోజుల్లో తెనాలి నాటకాల ఊరు. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు వంటి దిట్టలు ఆ సభలో ఉన్నారు. వాళ్ల పక్కన నిలబడాలంటే అందం ఒక్కటే చాలదు. రాత్రంతా సాగే పద్యనాటకంలో వెనక వరుసలో కూర్చున్నవాడికి కూడా పాత్ర మనసు అందాలి.

ఆ కాలపు నాటకంలో రాగానికి పెద్దపీట. పద్యం చివర రాగం ఎంతసేపు లాగితే అంత చప్పట్లు, అన్ని వన్స్‌మోర్‌లు. స్థానం దారి వేరు. ఆయన భావాన్ని ముందు నిలిపి, పాటను దాని వెనక నడిపించారు. చూపు, మెడ తిప్పడం, పైట సర్దుకోవడం, అడుగు వేయడం, ఆగడం, ఇవన్నీ ఆయన చేతిలో మాటలతో సమానమయ్యాయి.

ఒక్కో చీరలో ఒక్కో స్త్రీ

ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ పేరు తెచ్చింది ముత్తరాజు సుబ్బారావు రాసిన 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామ. కథ తెలుగువారందరికీ తెలిసిందే. కృష్ణుడు తన మాట దాటలేడని విర్రవీగిన భామ, అతన్ని నారదుడికి దానమిచ్చి, తిరిగి దక్కించుకోవడానికి ఉన్న బంగారమంతా త్రాసులో పోస్తుంది. త్రాసు కదలదు. చివరికి రుక్మిణి వేసిన తులసిదళానికి తూగుతుంది. గర్వం శిఖరం ఎక్కడం, అక్కడి నుంచి కుప్పకూలడం రెండూ ఒకే రాత్రిలో చూపించాల్సిన పాత్ర అది. ఈలపాట రఘురామయ్య కృష్ణుడు, స్థానం సత్యభామ అంటే జనం తండోపతండాలుగా వచ్చేవారు.

ఆ గర్వానికి శిఖరం 'మీరజాలగలడా' పాట. దాన్ని స్థానమే రాసుకున్నారు. ఒకే పల్లవిని మళ్లీ మళ్లీ పాడుతూ, ప్రతిసారీ ఒక కొత్త భావంతో అభినయించడం ఆయన ప్రత్యేకత. ఒకసారి ధీమా, ఒకసారి మురిపెం, ఒకసారి అలక, ఒకసారి లోపలెక్కడో చిన్న అనుమానం. 1966లో ఎన్టీఆర్, జమున నటించిన 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో పి. సుశీల గొంతులో ఆ పాట ఇంటింటికీ చేరింది. దాన్ని రాసి, మొదట వేదిక మీద పాడింది ఒక మగ సత్యభామ అన్న సంగతి ఈ తరంలో చాలామందికి తెలియదు.

సత్యభామ ఒక్కటే అయితే ఆయన్ని ఒక పాత్ర నటుడు అనుకోవచ్చు. కానీ 'సారంగధర'లో సవతి కొడుకునే కోరుకునే చిత్రాంగి వేరు. 'విప్రనారాయణ'లో భక్తుడి వ్రతం చెడగొట్టే దేవదేవి వేరు. 'కన్యాశుల్కం'లో అందరినీ ఆటాడించే మధురవాణి చమత్కారం వేరు. కొప్పరపు సుబ్బారావు నాటకం 'రోషనార'లో ఆయన మొగలు రాకుమారిగా, ఔరంగజేబు సోదరిగా కనిపించారు. ఆ రాకుమారి సమాధి ఉన్న రోషనారా బాగ్ ఉత్తర ఢిల్లీలో ఇప్పటికీ ఉంది. తెనాలి నుంచి వచ్చిన నటుడు గుంటూరు, కృష్ణా జిల్లాల ప్రేక్షకుల ముందు ఢిల్లీ అంతఃపురాన్ని నిలబెట్టాడన్నమాట.

నలభై ఏళ్ల నట జీవితంలో ఆయన దాదాపు 1500 ప్రదర్శనలు ఇచ్చారు. సముద్రం దాటి బర్మా వెళ్లినప్పుడు, 1938లో, రంగూన్‌లో ఆయనకు బంగారు కిరీటం పెట్టి సత్కరించారు. రేవుల్లో, మిల్లుల్లో పనికి వెళ్లిన తెలుగువాళ్లు వేలల్లో ఉన్న నగరం అది.

ఆడవాళ్లు ఎక్కడున్నారు?

స్థానం వేసిన ప్రసిద్ధ పాత్రల జాబితా చూస్తే ఒక విషయం కళ్లకు కడుతుంది. మధురవాణి, చింతామణి, దేవదేవి ముగ్గురూ వేశ్యలు. ఆటపాటల్లో, మాటల్లో ఆరితేరినవాళ్లు. సరిగ్గా ఆ కాలంలోనే, నిజ జీవితంలో ఆ కళలు నేర్చిన కళావంతుల ఇళ్ల స్త్రీలు బహిరంగ వేదికలకు దూరమవుతూ వచ్చారు.

పందొమ్మిదో శతాబ్దం చివర్లో కందుకూరి వీరేశలింగం వంటి సంస్కర్తలు భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపారు. పెళ్లిళ్లలో, సభల్లో మేళాలు పెట్టించడం మర్యాద తక్కువ పనైంది. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ వ్యవస్థ నిషేధ చట్టం చేసింది. ఆ వ్యవస్థలో దోపిడీ నిజం, దాన్ని ఆపాలన్న తపన కూడా నిజమే. అయితే ఆ స్త్రీల చేతిలోని విద్యను కూడా సమాజం అదే గాటన కట్టేసింది. జావళీ పట్టే గొంతుకూ, అభినయం పట్టే కళ్లకూ వేరే వేదిక చూపించలేదు.

నాటకాలాడిన సభలేమో గౌరవ కుటుంబాల మగవారివి. ఆ ఇళ్ల ఆడవాళ్లు ముఖానికి రంగు పూసుకోవడం ఊహించలేని పని. కళావంతుల స్త్రీలు వస్తే సభకు పరువు తక్కువ. ఈ రెండు తలుపులూ మూసుకున్న చోట మిగిలిన ఖాళీలోకి స్థానం వంటి నటులు వచ్చారు. వేశ్య పాత్రను కళ్లప్పగించి చూసిన ప్రేక్షకుడే, ఆ పాత్ర పుట్టిన ఇంటి మనిషి వేదిక ఎక్కితే ముఖం తిప్పుకునేవాడు.

ఆడవాళ్లు నటించడం అసాధ్యమేమీ కాదని ఆనాడే రుజువైంది. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి నాటక సమాజంలో కుటుంబాలకు కుటుంబాలే నటించేవి, ఆడవేషాలు ఆడవాళ్లే వేసేవారు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా కనిపించిన కమలాబాయి సురభి బిడ్డే. బళ్లారి రాఘవ అయితే స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న కుటుంబాల మహిళల్ని ప్రోత్సహించారు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయన సరసన నటించారు. అంటే స్థానం కీర్తి ఎదుగుతున్నకొద్దీ, ఆ కీర్తికి ఆధారమైన కట్టుబాటు మీద ప్రశ్నలూ పెరుగుతూ వచ్చాయి.

ఇందులో తప్పు స్థానానిది కాదు. కట్టుబాటు ఆయన పుట్టకముందే ఉంది. కాకపోతే ఆయన్ని పొగిడే క్రమంలో ఆడవాళ్లకన్నా ఆడతనం బాగా చూపించాడు అనే మాట అలవాటుగా దొర్లుతుంటుంది. ఆ పోలికలో న్యాయం లేదు. పోటీకి రానివ్వని వాళ్లతో పోల్చి గెలిచాడనడం ఆయన ప్రతిభకు కూడా కొలమానం కాదు.

తెర మీద కృష్ణుడు

నాటకంలో నిదానంగా వచ్చిన మార్పు సినిమాలో ఒక్కసారిగా వచ్చింది. కెమెరా ముఖానికి దగ్గరగా వస్తుంది. వేదిక దీపాల కాంతిలో నిలిచే భ్రమ అక్కడ నిలవదు. 1935లో సి. పుల్లయ్య 'శ్రీకృష్ణ తులాభారం' తీసినప్పుడు సత్యభామ వేషం ఋష్యేంద్రమణికి దక్కింది. స్థానం అప్పటికి వేదిక మీద మంచి ఊపులో ఉన్నారు.

1942లో వై.వి. రావు దర్శకత్వంలో 'సత్యభామ' సినిమా వచ్చింది. అందులో స్థానం ఉన్నారు, కానీ కృష్ణుడిగా. సత్యభామ పుష్పవల్లి. తెలుగు నేల మీద సత్యభామ అంటే గుర్తొచ్చే మనిషి, తెర మీద ఆ భామ అలక తీర్చే మగడయ్యారు.

ఇది ఆయన ఒక్కరి కథే కాదు. మరాఠీ వేదిక మీద ఆడవేషాలకు పర్యాయపదమైన బాలగంధర్వ చీరకట్టునూ, సిగముడినీ మహారాష్ట్ర స్త్రీలు అనుకరించేవారు. 1935లో వి. శాంతారామ్ 'ధర్మాత్మ'లో ఆయనకు దక్కింది ఏకనాథుడి పాత్ర. బాలగంధర్వకు 1964లో పద్మభూషణ్ వచ్చింది. గుజరాతీ వేదిక మీద సుందరిగా పేరు పొందిన జయశంకర్‌కు 1971లో పద్మభూషణ్ ఇచ్చారు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామగా వెలిగిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ దక్కింది. స్వతంత్ర భారతం ఈ కళాకారుల్ని వరసగా సన్మానించిన ఏళ్లలోనే వాళ్ల కళ మరుగున పడుతూ వచ్చింది. అంతరించేవాటిని పతకమిచ్చి సాగనంపడం ప్రభుత్వాలకు అలవాటే.

గొంతు మాత్రమే మిగిలిన చోట

స్థానానికి మాత్రం పతకం తర్వాత కూడా పని దొరికింది. 1950ల మధ్యలో ఆకాశవాణి దేశమంతటా పేరున్న రచయితల్ని, కళాకారుల్ని ప్రయోక్తలుగా తీసుకోవడం మొదలుపెట్టింది. ఢిల్లీలో తీసుకున్న ఆ నిర్ణయంతో హైదరాబాదు కేంద్రానికి దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటివారు వచ్చారు. నాటక విభాగానికి స్థానం నరసింహారావు వచ్చారు.

ఆ మార్పు ఎంత పెద్దదో ఆలోచించాలి. నడక, చూపు, చీరకుచ్చెళ్లు, చేతి వేళ్లు, ఆయన జీవితమంతా కూడబెట్టుకున్న ఆస్తి ఇదే. రేడియోలో అవేవీ చెల్లవు. అక్కడ ఉన్నది మైకు, గొంతు, మాటల మధ్య నిశ్శబ్దం. పైగా రేడియోలో ఆడగొంతు ఆడవాళ్లదే. ఇదే కాలంలో హైదరాబాదు కేంద్రం నుంచి శారదా శ్రీనివాసన్ గొంతు తెలుగిళ్లలో సొంత మనిషి గొంతైపోయింది. ఒకప్పుడు ఆడవాళ్లు లేని వేదిక మీద ఆడపాత్రలకు ప్రాణం పోసిన మనిషి, ఇప్పుడు ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి పనిచేసే చోట నాటకాలు నడిపించారు. తన అనుభవాన్నీ, నటన గురించిన ఆలోచనల్నీ 'నటస్థానం' అనే పుస్తకంలో పెట్టి వెళ్లారు.

1971 ఫిబ్రవరి 21న ఆయన కన్నుమూశారు. ఢిల్లీలో టెలివిజన్ 1959లోనే మొదలైనా, హైదరాబాదు దూరదర్శన్ 1977లో గానీ రాలేదు. మరో పదేళ్లు బతికి ఉంటే ఏదో ఒక స్టూడియోలో ముసలి స్థానం కుర్చీలో కూర్చునే, మెడ ఒక్కసారి తిప్పి, సత్యభామ అలక ఎలా ఉంటుందో చూపించి ఉండేవారేమో. ఆ అవకాశం మనకు దక్కలేదు.

ఇప్పుడు తెలుగు టీవీలో మగవాళ్ల ఆడవేషాలకు కొదవ లేదు. కామెడీ షోల్లో చీర కట్టిన మగవాడు అడుగు పెట్టగానే నవ్వు మొదలవుతుంది. ఆ నవ్వు పుట్టాలంటే చీరలో ఉన్నది మగవాడని ప్రతి క్షణం గుర్తుండాలి. ఆడవాళ్ల మీద, ట్రాన్స్‌జెండర్ల మీద మోటు జోకులకు ఆ వేషం ఒక పనిముట్టు. స్థానం చేసిన పని దీనికి పూర్తిగా ఎదురు. ఆయన వేషంలో మగవాడు గుర్తుకొచ్చిన క్షణం నాటకం ఓడిపోయినట్టు. చిత్రాంగి అయినా, మధురవాణి అయినా, ఊరంతా తప్పుపట్టే స్త్రీ మనసులో ఏముందో తెలుసుకుని చూపించడమే ఆయన బాధ్యతగా పెట్టుకున్నారు.

ఆ వేదిక మీద స్త్రీలకు చోటివ్వకపోవడం అన్యాయం. అది పోవడం మంచిదే, తిరిగి రావాల్సిన పని లేదు. కానీ ఆ అన్యాయపు వేదిక మీద నిలబడిన ఒక మగవాడు, తను కాని మనిషిని అర్థం చేసుకోవడానికి ఒక జీవితకాలం ఖర్చు పెట్టాడు. వేదిక ఆడవాళ్లది కూడా అయిన ఈ రోజుల్లో, తెర మీద వాళ్లను వెక్కిరించడానికి చీర కడుతున్న మనం, ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఆ శ్రద్ధే.