కార్పెట్ సాహెబ్ రైఫిలు

జిమ్ కార్బెట్ పేరు వినని వారు మనలో అరుదు. నరమాంసం మరిగిన పులుల్ని వేటాడిన దొరగా ఆయన జగత్ప్రసిద్ధుడు. ఆయన కూడా మనలాగే నెల జీతం మీద బతికిన ఉద్యోగి అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఈ ప్రత్యేక సంచికకు ఆయన జీవితం రాయడానికి అదొక కారణం. ఆయన చేతిలోని తుపాకి కథ రెండో కారణం.

కార్బెట్ 1875 జూలై 25న నైనీతాల్‌లో జన్మించారు. తండ్రి అక్కడి పోస్టుమాస్టరు. జిమ్‌కు ఆరేళ్ళు నిండకముందే 1881లో ఆయన కాలం చేశారు. పెద్ద సంసారం, కొద్దిపాటి ఆదాయం. వేసవి నైనీతాల్‌లో, చలికాలం కొండ కింద కాలాఢుంగీలో గడిచేవి. కుర్రవాడికి మొదట దక్కింది ముందునుంచి మందు కూరే పాత జోడుగొట్టాల తుపాకి. కుడి గొట్టం పగిలిపోయింది. విరిగిన కర్రను ఇత్తడి తీగతో చుట్టి కట్టారు. మిగిలిన ఒక్క గొట్టంతోనే ఆయన వేట నేర్చారు.

తరువాత బడి క్యాడెట్లలో ఉండగా ఒక మార్టిని రైఫిలు వాడుకోవడానికి ఇచ్చారు. దాన్ని శుభ్రంగా ఉంచాలి, కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలు తిరిగి అప్పగించాలి అన్నది షరతు. స్టోర్సు రిజిస్టరు రాసిన వారికి ఈ షరతు విలువ తెలుస్తుంది. లెక్క చెప్పవలసిన తూటాను ఎవరూ ఊరికే పేల్చరు. ఆ పొదుపు ఆయనకు జీవితాంతం నిలిచింది.

ఇరవై ఏళ్ళ ప్రాయంలోనే ఆయన బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో చేరారు. గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకు ఒక రైలునుంచి దించి మరోదానికి ఎక్కించే పని చేయించేవారు. కూలీలతో కలిసి తానూ మోసేవారు. అక్కడే ఇరవై ఏళ్ళకు పైగా గడిపారు. సెలవు పెట్టుకొని పులుల మీదికి వెళ్ళేవారు.

1907లో చంపావత్ ఆడపులి సంగతి ఆయన దాకా వచ్చింది. అది అప్పటికి 436 మందిని పొట్టన పెట్టుకున్నదని లెక్క. కార్బెట్ రెండు షరతులు పెట్టారు. ప్రకటించిన బహుమానాలు రద్దు చేయాలి, మిగతా వేటగాళ్ళను వెనక్కి పిలిపించాలి. వేటనాడు ఆయన దగ్గర ఉన్నవి మూడే తూటాలు. మూడూ అయిపోయాయి. పులి గాయపడి కూడా ఎదురుగా నిలబడింది. పరుగున వెళ్ళి అక్కడున్న తహసీల్దారు గారి తుపాకి అందుకున్నారు. దాని గొట్టాలకూ వెనుక భాగానికీ మధ్య సందు కనిపించేంతగా వదులైపోయింది. పులి నోటికి గురిపెడితే గుండు కాలి పంజాకు తగిలింది. అది అప్పటికే కొన ఊపిరితో ఉన్నందున ఆయన బతికిపోయారు. గురి తప్పించే తుపాకి ఎంత ప్రమాదమో ఆనాడు ఆయన కళ్ళారా చూశారు.

ఆ పులిని చంపినందుకు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హివెట్ ఆయనకు ఒక రైఫిలు బహూకరించారు. అది లండన్ రిగ్బీ కంపెనీ తయారీ, జర్మనీ మౌజర్ పద్ధతి. పాయింట్ 275 రిగ్బీ అంటే 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాకు ఇంగ్లీషువారు పెట్టుకున్న పేరే. దాని పనితనం సులభంగా చెప్పవచ్చు. తలుపు గడియలాంటి బోల్టును పైకెత్తి వెనక్కి లాగితే ఖాళీ తూటా బయట పడుతుంది. ముందుకు తోసి కిందికి దించితే కొత్త తూటా లోపలికి పోయి, బోల్టు గట్టిగా బిగుస్తుంది. గొట్టం ఒక్కటే, బిగింపు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. గురి నిలకడకు ఇదే ఆధారం.

ఆ కాలపు దొరలకు మోజు జోడుగొట్టాల పెద్ద రైఫిళ్ళ మీద. రెండు గొట్టాల గుండ్లూ ఒకేచోట తగిలేలా పనివాడు కాల్చి చూస్తూ చేతితో సర్దాలి. అందుకే వాటి ఖరీదు చాలా ఎక్కువ, బరువూ ఎక్కువే. రెండో దెబ్బ వెంటనే వేయడానికి అవి మేలు. కార్బెట్ వద్ద కూడా అలాంటిది ఒకటి ఉండేది, అవసరమైన చోట వాడేవారు. దాని గుండు సుమారు 26 గ్రాములైతే రిగ్బీ గుండు 9 గ్రాములే. చిన్న గుండు భుజాన్ని తన్నదు. తన్నదన్న నమ్మకం ఉన్న చెయ్యి మీట నొక్కేటప్పుడు అదరదు.

ఉద్యోగకాలంలో నేను కొన్నేళ్ళు ఆయుధ లైసెన్సుల ఫైళ్ళు చూసే సీటులో ఉన్నాను. అడవిపందుల బెడదకు తుపాకి కావాలని రైతులు అర్జీలు పెట్టేవారు. ఏది మంచిదండీ అని అడిగితే పెద్దది, చప్పుడు ఎక్కువ చేసేది అని పక్కవారు సలహా చెప్పేవారు. కార్బెట్ జీవితం చదివాక నాకు తోచినవి మూడు ప్రశ్నలు. మొదటి గుండు అనుకున్న చోటికే పోతుందా? నీ చెయ్యి దాన్ని రోజంతా మోయగలదా? దాని తూటా నీకు దొరికేదేనా, కొనగలిగేదేనా? పైన చెక్కిన నగిషీ వీటి తరువాతే.

1930 ఏప్రిల్‌లో చౌగఢ్ ఆడపులి ఎనిమిది అడుగుల దూరంలో ఎదురైంది. ఆయన ఎడమచేతిలో దారిలో ఏరుకున్న పిట్ట గుడ్లు రెండు ఉన్నాయి. కుడిచేతి రైఫిలును ఒంటి చేత్తోనే మెల్లగా తిప్పి కాల్చారు. తేలిక రైఫిలు కాబట్టే అది సాధ్యమైందని ఆయనే రాసుకున్నారు. తరువాత ఆ గుడ్లను తీసుకుపోయి ఎక్కడివి అక్కడ పెట్టి వచ్చారు.

అంతకు ముందే 1926 మే 2 రాత్రి రుద్రప్రయాగ చిరుతను రిగ్బీతోనే కొట్టారు. అది ఎనిమిదేళ్ళలో 125 మందిని చంపింది. బదరీ, కేదార యాత్రికులు సైతం చీకటి పడితే తలుపులు బిగించుకునేవారు. మామిడిచెట్టు మీద పదకొండో రాత్రి కాపు. మేక మెడలో గంట మోగింది. తుపాకికి కట్టిన టార్చి ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. పేలింది ఒకే తూటా. మర్నాటినుంచి ఆ దారిలో మనుషులు నిర్భయంగా నడిచారు.

వయసు మీదపడ్డకొద్దీ ఆయన తుపాకి పక్కనపెట్టి పులులను సినిమా కెమెరాతో పట్టుకున్నారు. 1936లో దేశంలో మొదటి జాతీయ పార్కు ఏర్పడడంలో ఆయన కృషి ఉంది. ఆయన మరణానంతరం దానికే ఆయన పేరు పెట్టారు. 1947లో అక్క మ్యాగీతో కెన్యాకు వెళ్ళి, 1955 ఏప్రిల్ 19న న్యేరిలో కన్నుమూశారు. కుమావూ పల్లెజనం నోట ఆయన కార్పెట్ సాహెబ్‌గా మిగిలిపోయారు.

ఆ రైఫిలు ఆయన పుస్తకాలు ప్రచురించిన ఆక్స్‌ఫర్డ్ వారి చేతికి చేరింది. 2015లో రిగ్బీ కంపెనీయే దాన్ని తిరిగి సంపాదించుకుంది. మన దేశంలో 1972 చట్టంతో వేట సరదాకు కాలం చెల్లింది. అది మంచిదే. అయినా మన పిల్లలు, మనుమలు ఏ పనిముట్టు కొనబోయినా ఈ కథ ఒకసారి చెప్పండి. చేతికి అమరినది, చెప్పిన పని చేసేది ఒక్కటి ఎంచుకొని శుభ్రంగా ఉంచుకుంటే అది మనిషికంటే ఎక్కువ కాలం మన్నుతుంది.