నాకింగ్ ఆపిన మనిషి

ఐ.సి. ఇంజన్లు చదివినవాళ్ళకి 'నాకింగ్' అంటే చెప్పక్కర్లేదు. మిగతా బ్రాంచీల వాళ్ళ కోసం: సిలిండర్లో పెట్రోలు మండాల్సిన తీరులో మండక ఇంజన్ టకటకా కొట్టుకోవడం. దాన్ని ఆపిన థామస్ మిడ్గ్లీ కథ ఇది. మన క్లాసులో అందరూ ఒకసారి చదవాలనిపించి రాస్తున్నాను.

మిడ్గ్లీ 1889లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. 1911లో కార్నెల్ నుంచి మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నాడు. ఛార్లెస్ కెట్టరింగ్ దగ్గర పనిచేస్తూ, నాకింగ్ తగ్గించడానికి ఏళ్ళ తరబడి రకరకాల పదార్థాలు పెట్రోల్లో కలిపి చూశాడు. 1921 డిసెంబరులో టెట్రాఇథైల్ లెడ్ దొరికింది. కొంచెం కలిపితే చాలు, చప్పుడు మాయం!

సీసం విషమని అప్పటికే తెలుసు. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ తగ్గుతుందని కూడా వాళ్ళకి తెలుసు. కానీ ఆల్కహాల్ ఎవరైనా తయారు చేసుకోవచ్చు, లాభమంతా ఒక్కళ్ళకే రాదు. అందుకే సీసాన్నే ఎంచుకున్నారు. పేరులో మాత్రం సీసం ఊసు లేకుండా 'ఇథైల్' అని అమ్మారు.

1923లో మిడ్గ్లీకే సీసం ఒంటికి పట్టింది. పని ఆపేసి ఫ్లోరిడా వెళ్ళి కోలుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది అక్టోబరులో న్యూజెర్సీ ప్లాంటులో ఐదుగురు కార్మికులు మతి తప్పి చనిపోయారు. అదే నెలాఖరున ఆయన విలేకరుల ముందు ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని, ఒక నిమిషం పాటు దాని ఆవిరి పీల్చి, ప్రమాదమేమీ లేదని చూపించాడు.

తర్వాత ఫ్రిజ్‌ల పని. అప్పట్లో వాటిలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ వాడేవాళ్ళు. లీకైతే మనుషులకి ప్రమాదం. వాటికి బదులుగా మిడ్గ్లీ బృందం సి.ఎఫ్.సి. వాయువును తెచ్చింది. మంట అంటుకోదు, విషం కాదు. 1930లో ఆయన దాన్ని గుండెల నిండా పీల్చి, వదిలి కొవ్వొత్తి ఆర్పి చూపించాడు. ఈసారి తనకి తెలిసినంతలో నిజమే చెప్పాడు. అది ఓజోన్ పొరను తినేస్తుందని శాస్త్రవేత్తలు హెచ్చరించింది 1974లో.

1940లో పోలియో వచ్చి మిడ్గ్లీ కాళ్ళు పడిపోయాయి. మంచం మీద నుంచి లేవడానికి తాళ్ళు, కప్పీలతో తనే ఒక ఏర్పాటు చేసుకున్నాడు. 1944 నవంబరులో ఆ తాళ్ళే మెడకి బిగుసుకుని చనిపోయాడు.

ఆయన పోయినా సీసం ఆగలేదు. వాహనాల పొగతో రోడ్ల పక్క మట్టిలోకి, గడ్డిలోకి, పక్షుల ఒంట్లోకి, గ్రీన్‌లాండ్ మంచులోకి కూడా చేరింది. పిల్లల రక్తంలో చేరి మెదడు ఎదుగుదలని దెబ్బతీసింది. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో ఆగింది. కార్లకి అమ్మిన ఆఖరి దేశం అల్జీరియా, 2021లో మానేసింది.

సి.ఎఫ్.సి. విషయంలో నాకు మిడ్గ్లీ మీద కోపం రాదు. ఆ రోజుల్లో ఎవరూ ఊహించలేదు. సీసం సంగతి వేరు. తన ఒంట్లోనే టెస్ట్ రిజల్ట్ కనిపించాక కూడా సేఫ్ అన్నాడు. రేపు మనలో ఎవరో ఒకరు ఏదో ఫ్యాక్టరీలో వ్యర్థజలాల రిపోర్టు మీద సంతకం పెడతాం. ఆ రోజు మనకి తెలిసిన అంకెనే అందులో రాద్దాం.