పాల్కురికి సోమన గ్రంథాలను అచ్చువేయించిన అమృతాంజనం పంతులు గారు

తలనొప్పికి అమృతాంజనం రాసుకోవడం పల్లెల్లో అందరూ ఎరిగినదే. ఆ మందు అమ్మగా వచ్చిన సొమ్ముతో నడిచిన సంస్థే జనగామ జిల్లా పాలకుర్తి వాడైన మహాకవి పాల్కురికి సోమనాథుని గ్రంథాలను అచ్చువేసిందన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆ పుణ్యం కట్టుకున్నవారు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు.

పంతులు గారు 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించారు. మద్రాసులో పట్టభద్రులై, బతుకుతెరువు వెతుక్కుంటూ బొంబాయి చేరారు. అక్కడ 1893లో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. కొత్త మందును జనం వెంటనే నమ్మలేదు. సంగీత సభలకు వచ్చినవారికి ఉచితంగా పంచిపెట్టి దాని గుణం తెలియజేశారని చెబుతారు. క్రమంగా వ్యాపారం పెరిగి లాభాలు వచ్చాయి.

ఆ లాభాలను ఆయన తన సుఖానికి దాచుకోలేదు. 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువరించారు. 1924లో భారతి మాసపత్రిక ప్రారంభించి కవులకు, పండితులకు, చిత్రకారులకు ఆదరణ కల్పించారు. గ్రంథాలయాలకు, పేద విద్యార్థులకు, దేశసేవకులకు విరివిగా సాయం చేశారు. అందుకే ప్రజలు ఆయనను విశ్వదాత అని పిలుచుకున్నారు.

తెలుగు గ్రంథాలు తక్కువ ధరకు అందాలని 1926లో ఆంధ్ర గ్రంథమాల నెలకొల్పారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు పరిష్కరించిన సోమన బసవపురాణం ఆ ఏడాదే ఆ మాలలో వెలువడింది. జానుతెనుగులో, పాడుకునేందుకు వీలైన ద్విపదలో సాగిన కావ్యమది. చాకలి మడివాలు మాచయ్య, కుమ్మరి గుండయ్య, బోయ కన్నప్ప వంటి భక్తుల కథలను సోమన అందులో ఎంతో గౌరవంగా చెప్పాడు. ద్విపదను పండితులు చిన్నచూపు చూసిన కాలమూ ఉంది. అలాంటి కావ్యానికి ఘనమైన పీఠికతో మంచి ప్రతి సమకూరింది.

పంతులు గారు 1938 ఏప్రిల్ 11న కన్నుమూశారు. మరుసటి ఏడాది సోమన మరో మహాగ్రంథం పండితారాధ్య చరిత్ర కూడా అదే గ్రంథమాలలో వెలువడింది. దాత పోయినా దానం ఆగలేదు.

సంపాదించిన వారు గుడి కట్టించడం, బావి తవ్వించడం మన ఊళ్లలో పూర్వం నుంచీ ఉన్నదే. పుస్తకం అచ్చువేయించడమూ వాటితో సమానమైన ధర్మమేనని పంతులు గారు చేసి చూపారు. మన ప్రాంతపు కవిని ఎక్కడో మద్రాసులో ఉన్న వర్తకుడు ఆదుకున్నారు. సోమన కావ్యాన్ని మన గ్రంథాలయాల్లో ఉంచి, పిల్లల చేత చదివించడమే ఆ దాతకు తగిన నివాళి.