ఇసుకతో బలవంతం చెల్లదు: ఎడారిలో కారు నడిపే విద్యకు దారి చూపిన బ్యాగ్నాల్డ్

గల్ఫ్‌లో బంధువులున్న ఇళ్లలో డెజర్ట్ సఫారీ మాట వినని ఇల్లు దాదాపు ఉండదు. అసర్ వేళకు పెద్ద ఫోర్‌వీల్ బండి ఇంటి ముందుకు వస్తుంది. ఊరు దాటి ఇసుక మొదలయ్యే చోట డ్రైవర్ బండి ఆపి, నాలుగు టైర్లలోంచి గాలి తీసేస్తాడు. కొత్తగా వెళ్లినవాళ్లు పంక్చర్ అయిందేమో అని కంగారు పడతారు. కాసేపటికి అదే బండి తాటిచెట్టంత ఎత్తు ఇసుక దిబ్బలెక్కి, అవతలికి జారుతుంటే పిల్లలు కేకలు, పెద్దలు దువాలు.

టైర్లలో గాలి ఎందుకు తీయాలి? దిబ్బను ఏ వైపు నుంచి ఎక్కాలి? పైకి చేరాక ఎందుకు ఆగాలి? ఈ విద్య ఒక్కరోజులో పుట్టింది కాదు, ఒక్కరి సొత్తూ కాదు. కానీ దాన్ని సాధన చేసి, లెక్కలు కట్టి, ప్రపంచం ముందు పెట్టినవాళ్లలో మొదటి పేరు రాల్ఫ్ ఆల్జర్ బ్యాగ్నాల్డ్‌ది. ఆయన చదివింది ఇంజనీరింగ్, చేసింది సైన్యంలో ఉద్యోగం. ప్రాణం మాత్రం ఇసుక మీదే.

నైలు కథలు విన్న పిల్లాడు

బ్యాగ్నాల్డ్ 1896 ఏప్రిల్ 3న ఇంగ్లండ్‌లోని డెవన్‌పోర్ట్‌లో పుట్టారు. తండ్రి రాయల్ ఇంజనీర్స్‌లో కల్నల్. ఖార్టూమ్‌లో చిక్కుకున్న జనరల్ గోర్డన్‌ను విడిపించడానికి 1884-85లో నైలు వెంట వెళ్లిన బ్రిటిష్ దళంలో ఆ తండ్రి కూడా ఉన్నారు. అక్క ఈనిడ్ బ్యాగ్నాల్డ్ తర్వాతి కాలంలో పేరున్న రచయిత్రి అయ్యారు.

1915లో రాల్ఫ్ సైన్యంలో చేరారు. ఫ్రాన్స్, బెల్జియంలలో కందకాల యుద్ధం చూశారు. యుద్ధం ముగిశాక కేంబ్రిడ్జ్‌లో ఇంజనీరింగ్ చదివి, సిగ్నల్స్ విభాగానికి మారారు. 1926లో ఈజిప్టుకు బదిలీ వచ్చింది. మధ్యలో కొన్నాళ్లు అవిభక్త భారతదేశపు వాయవ్య సరిహద్దులో, వజీరిస్తాన్‌లో కూడా పనిచేశారు.

కైరోలో సెలవు దొరికితే తోటి అధికారులు పోలో, క్లబ్బు అంటూ గడిపేవారు. ఈయన, మరికొందరు మిత్రులు మాత్రం సొంత డబ్బుతో పాత మోడల్ టి ఫోర్డ్ కార్లు కొని, వాటి బాడీలు విప్పేసి, బరువు తగ్గించి, ఎడారిలోకి పోయేవాళ్లు. మొదట సినాయ్, పాలస్తీనా, పెట్రా. తర్వాత పడమటి దిక్కున సీవా ఒయాసిస్సు. షౌక్‌గా మొదలైంది, జీవితాంతం వదల్లేదు.

ఒంటెలకూ లొంగని ఇసుక సముద్రం

ఈజిప్టుకు పడమట, లిబియా సరిహద్దు పొడవునా గొప్ప ఇసుక సముద్రం ఉంది. దాదాపు 72,000 చదరపు కిలోమీటర్లు. ఉత్తరం నుంచి దక్షిణానికి బారులు తీరిన దిబ్బలు, కొన్ని వంద మీటర్ల ఎత్తువి. 1874లో గెర్‌హార్డ్ రోల్ఫ్స్ అనే జర్మన్ యాత్రికుడు ఒంటెలతో పడమటికి దాటబోయి, వరస మీద వరస అడ్డురావడంతో ఆ ఆలోచన మానుకున్నాడు. దిబ్బల మధ్య సందుల వెంట ఉత్తరానికి నడిచి సీవా చేరి బతికి బయటపడ్డాడు.

బ్యాగ్నాల్డ్ కంటే ముందు ఈ ఎడారిని శోధించినవాళ్లలో ఇద్దరు ఈజిప్టు ముస్లింల పేర్లు చెప్పుకోవాలి. ఒకరు అహ్మద్ హసనైన్. అల్ అజ్‌హర్ పండితుడి కొడుకు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవారు. 1923లో ఒంటెల ఖాఫిలాతో మధ్యధరా తీరం నుంచి కుఫ్రా మీదుగా సుడాన్ దాకా సుమారు 3,500 కిలోమీటర్లు ప్రయాణించి, అర్కెనూ, ఉవైనాత్ కొండలను పటం మీదికి తెచ్చారు. రెండోవారు ప్రిన్స్ కమాలుద్దీన్ హుసేన్. గొలుసు చక్రాల సిట్రోయెన్ బండ్లతో వెళ్లి, 1926లో గిల్ఫ్ కబీర్ పీఠభూమిని గుర్తించి దానికి ఆ పేరు పెట్టింది ఆయనే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ గస్తీ దళాలు కూడా ఫోర్డ్ కార్లతో ఇక్కడ తిరిగాయి. వీళ్లందరికంటే వందల ఏళ్ల ముందు నుంచే బదూలకు ఆ బావులు, ఆ దారులు తెలుసు.

అయినా మామూలు చక్రాల కారు ఈ ఇసుక సముద్రాన్ని దాటడం కుదరదనే అందరూ అనుకునేవారు. 1929, 1930లలో మోడల్ ఎ ఫోర్డులతో బ్యాగ్నాల్డ్ బృందం ఐన్ దల్లా నుంచి ఆ సంగతి తేల్చుకోవడానికి బయల్దేరింది.

దిబ్బ ఎక్కిన రోజు

ఎదురుగా గోడలా పచ్చని ఇసుక. నెమ్మదిగా పోతే చక్రాలు దిగబడతాయి. బ్యాగ్నాల్డ్ కారును గంటకు దాదాపు 40 మైళ్ల వేగానికి తెచ్చి నేరుగా దిబ్బ మీదికి తోలారు. గుద్దుకుంటుందనుకున్న కారు ముందు భాగం లేచి, చూస్తుండగానే పైకి పాకింది. కొన్ని క్షణాల్లో వంద అడుగుల ఎత్తున నిలిచింది. కింద ఉన్నవాళ్లు నోరెళ్లబెట్టారు.

ఇది గారడీ కాదు. గాలి తగిలే వైపు ఇసుక రేణువులు ఒత్తుకుని గట్టిపడతాయి. వాలు కూడా తక్కువ. గాలి చాటు వైపు ఇసుక వదులుగా జారి, 32 నుంచి 34 డిగ్రీల నిటారు వాలుగా నిలుస్తుంది. అందుకే గట్టి వైపు నుంచి ఎక్కాలి. అయితే శిఖరం దగ్గర అదే వేగంతో పోతే అవతల ఏముందో తెలియకుండా గాల్లోకి ఎగిరినట్టే. వేగం కింద తెచ్చుకోవాలి, పైన తగ్గించుకోవాలి. గట్టి ఇసుక పక్కనే, చూడ్డానికి అచ్చం అలాగే ఉండే మెత్తటి గుంటలు కూడా ఉంటాయి. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు నీడలుండవు కాబట్టి ఎత్తుపల్లాలు కళ్లకు ఆనవు.

టైర్ల సంగతీ అంతే. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని, బరువు ఎక్కువ ఇసుక మీద పడుతుంది, చక్రం దిగబడదు. ఒంటె పాదం మెత్తగా పరుచుకోవడంలో ఉన్న కిటుకే ఇది. బండి దిగబడిందంటే ఇంజన్ రేస్ చేసే కొద్దీ గొయ్యి లోతవుతుంది. దానికి బ్యాగ్నాల్డ్ కైరోలో పాత ఇనుప సామాను దుకాణం వెతికి, యుద్ధ కాలపు కందకాల పైకప్పులకు తయారైన పొడవాటి ఉక్కు పలకలు కొన్నారు. చక్రాల ముందు ఇసుక తవ్వి ఆ పలకలు పరిస్తే బండి వాటి మీదుగా బయటికి వచ్చేది. ఇప్పటికీ ఎడారి బండ్ల మీద కట్టి కనిపించే పట్టీలు వాటి వారసులే.

నీళ్ల విషయంలో ఆయన ఇంకా జాగ్రత్త. రేడియేటర్ మరిగితే ఆవిరి బయటికి పోకుండా ఒక గొట్టం ద్వారా పక్కనున్న నీళ్ల డబ్బాలోకి పంపేవారు. అక్కడ ఆవిరి చల్లబడి నీరయ్యేది. ఇంజన్ చల్లారాక ఆ నీళ్లు తిరిగి రేడియేటర్‌లోకే వెళ్లేవి. చుక్క కూడా వృథా లేదు. ఇలాంటి ఏర్పాటు గస్తీ దళాల కాలంలోనూ ఉంది, ఈయన దాన్ని మెరుగుపరిచారు.

దారి తెలుసుకోవడానికి సూర్య దిక్సూచి వాడారు. మామూలు దిక్సూచి ముల్లును కారులోని ఇనుము తప్పుదారి పట్టిస్తుంది. అందుకని డిగ్రీలు గీసిన పలక మధ్యలో నిటారుగా సూది నిలబెట్టి, దాని నీడను బట్టి, సూర్యుడి కదలికకు తగ్గట్టు పలక తిప్పుకుంటూ, బండి ఆపకుండానే దిక్కు చూసుకునేవారు. రాత్రి పూట నక్షత్రాలను కొలిచి ఎక్కడున్నారో తేల్చుకునేవారు.

ఇప్పటి సఫారీకి ఆ నియమాలే

ఈ రోజు రెండు మూడు గంటల సఫారీకి పోయే కుటుంబం కూడా తెలిసో తెలియకో ఇవే నియమాల మీద కూర్చుంటుంది. రోడ్డు మీద 30 పైన ఉండే టైరు ప్రెషర్‌ను 15 దగ్గరికి తగ్గించడం, ఒంటరిగా కాకుండా నాలుగైదు బండ్లు కలిసి పోవడం, శిఖరం మీద అవతల చూసుకుని దిగడం, రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపుకోవడం. గాలి తీయకుండా, సీటు బెల్టు పెట్టుకోమనకుండా బయల్దేరే డ్రైవర్‌ను మొహమాటం లేకుండా ఆపవచ్చు. గర్భిణులు, నడుం మెడ నొప్పులున్నవాళ్లు, పసిపిల్లలు దిబ్బల మీదికి పోకుండా క్యాంపు దగ్గరే దిగడం మంచిది. నెలాఖరు సెలవు రోజు సొంత కారులో ఒక్కరే ఇసుకలోకి దిగడం హుషారు కాదు, ప్రమాదం కొని తెచ్చుకోవడం.

దాహంతో నడిచినవాళ్లు

బ్యాగ్నాల్డ్ మిత్రులకు ఎడారి ఒక సాహసం. అదే ఏళ్లలో అక్కడి జనానికి అది చావు బతుకుల దారి. 1931 జనవరిలో ఇటలీ సైన్యం కుఫ్రాను ఆక్రమించింది. ఎన్నో కుటుంబాలు ఆడవాళ్లు, పిల్లలతో ఉవైనాత్ వైపు, అక్కడి నుంచి ఈజిప్టులోని దాఖ్లా వైపు వందల కిలోమీటర్లు పారిపోయాయి. మధ్యలో నీళ్లు లేవు. చాలామంది దారిలోనే చనిపోయారు. ఆ ప్రాంతంలో సర్వే చేస్తున్న పాట్రిక్ క్లేటన్ తన కార్లతో వెతికి కొందరిని కాపాడారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో లిబియా పోరాట నాయకుడు ఉమర్ ముఖ్తార్‌ను ఇటలీ ఉరితీసింది. ఇసుకలో నడవగలిగే నాలుగు కార్లు, నాలుగు డబ్బాల నీళ్లు ఆ రోజుల్లో ఎంతటి విలువైనవో ఈ ఒక్క సంగతి చెబుతుంది.

1932లో బ్యాగ్నాల్డ్ మరో యాత్రలో సుమారు 6,000 మైళ్లు తిరిగి, సుడాన్ ఉత్తర ప్రాంతాల దాకా వెళ్లొచ్చారు. 1934లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. పదేళ్ల ముందు హసనైన్‌కు వచ్చిన పతకమే అది.

గాజు పెట్టెలో ఎడారి

1935లో సైన్యం నుంచి రిటైర్ అయ్యారు. అప్పటికి ఆయన్ను ఒకే ప్రశ్న వదలడం లేదు. చదును నేల మీద గాలి తోలే ఇసుక అన్ని చోట్లా సమంగా పరుచుకోకుండా, ఇంత చక్కని ఆకారాల్లో ఎందుకు పోగవుతోంది? లండన్ ఇంపీరియల్ కాలేజీలో ప్లైవుడ్, గాజుతో గాలి సొరంగం కట్టి, లోపల ఇసుక పోసి గాలి వదిలి చూశారు. రేణువులు దుమ్ములా తేలవు, గంతులు వేస్తాయి. ఒక్కో రేణువు పడ్డచోట ఇంకొన్నింటిని లేపుతుంది. గట్టి నేల మీద బాగా ఎగిరి ముందుకు పోయే ఇసుక, ఇసుక మీద పడితే వేగం తగ్గి అక్కడే ఆగుతుంది. అందుకే ఇసుక ఉన్నచోటే ఇంకా ఇసుక చేరుతుంది. 1938లో మళ్లీ గిల్ఫ్ కబీర్ వైపు వెళ్లి తన లెక్కలను అసలు ఎడారిలో సరిచూసుకున్నారు. 1941లో వచ్చిన ఆయన గ్రంథాన్ని ఇసుక దిబ్బల శాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ తిరగేస్తున్నారు.

షౌక్ యుద్ధమైంది

రెండో ప్రపంచ యుద్ధం రాగానే ఆయన్ను మళ్లీ పిలిచారు. తూర్పు ఆఫ్రికాకు పోతున్న ఓడ మధ్యధరాలో మరో ఓడను ఢీకొని మరమ్మతుకు పోర్ట్ సయీద్‌లో ఆగింది. అలా అనుకోకుండా కైరో చేరారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. అప్పటి సేనాని జనరల్ వేవెల్, తర్వాత భారత వైస్రాయ్ అయిన ఆయనే, బ్యాగ్నాల్డ్ పథకానికి ఒప్పుకుని ఆరు వారాల గడువిచ్చారు. న్యూజీలాండ్ నుంచి వచ్చిన వాలంటీర్లతో, షెవర్లే లారీలతో లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ తయారైంది. ఆ సైనికులు అరబ్బుల తలగుడ్డలు, వాయవ్య సరిహద్దు చప్లీలు వేసుకునేవారు. బూటులో ఇసుక నిలుస్తుంది, చప్లీలో నిలవదు.

1941 జనవరిలో ఈ దళం వెయ్యి మైళ్లకు పైగా పోయి ముర్జుక్ కోట మీద దాడి చేసింది. తర్వాతి కాలంలో భారత సైనికుల దళాలు కూడా ఇందులో పనిచేశాయి. జాట్, రాజ్‌పుత్, సిక్కు, ముస్లిం గస్తీలు విడివిడిగా ఉండేవి.

సెలవుల్లో నేర్చిన విద్య అలా యుద్ధానికి ఆయుధమైంది. ఆ యుద్ధంలో ఇరుపక్షాలూ పాతిపెట్టిన మందుపాతరలు ఈజిప్టు పడమటి ఎడారిలో దశాబ్దాల తర్వాత కూడా బదూల ప్రాణాలు తీశాయి. అప్పటి బండ్ల చక్రాల గుర్తులు గులకరాతి నేల మీద ఇంకా చెరగలేదు. ఎడారి ఏదీ తొందరగా మరిచిపోదు.

చివరి దాకా ఇసుకే

1941లోనే నాయకత్వం గై ప్రెండర్‌గాస్ట్‌కు అప్పగించారు. 1944లో రాయల్ సొసైటీ సభ్యత్వం వచ్చింది. 1946లో డొరొతీ ప్లాంక్‌ను పెళ్లి చేసుకున్నారు, ఇద్దరు పిల్లలు. నదులు ఇసుకను ఎలా మోస్తాయన్న ప్రశ్న మీద మరో ముప్పై ఏళ్లు పనిచేశారు. ఎనభై దాటిన వయసులో, అంగారక గ్రహం మీది ఎడారుల గురించి నాసా పెట్టిన సదస్సులో ప్రసంగించారు. 1990 మే 28న, 94వ ఏట కన్నుమూశారు.

అంగారకుడి మీద గేల్ బిలంలో నల్లటి ఇసుక దిబ్బల వరస ఒకటుంది. దానికి బ్యాగ్నాల్డ్ దిబ్బలని పేరు. 2015 చివర్లో క్యూరియాసిటీ రోవర్ ఆ దిబ్బల దగ్గరికి చేరింది. దాన్ని నడిపేవాళ్లు చక్రాలు మెత్తటి ఇసుకలో దిగబడకుండా, అంగుళం అంగుళం చూసుకుంటూ నడిపించారు.