బాబాయి పికప్, లూయీ రెనో

డెన్వర్‌లో ఉండే మా బాబాయి తన పికప్‌ని ఎత్తు పెంచి, 28 అంగుళాల టైర్లు తీసేసి 33వి వేయించాడు. లుక్ అదిరింది, కానీ కొండ ఎక్కేటప్పుడు పై గేర్ నిలబడట్లేదట. వెనక యాక్సిల్ రేషియో 3.73. పాత లాగుడు రావాలంటే దాదాపు 4.40 కావాలి. ఆ లెక్క చేస్తూ చేస్తూ లూయీ రెనో దగ్గర తేలాను.

1877లో పారిస్‌లో పుట్టాడు. 21 ఏళ్లకే ఇంటి తోటలోని షెడ్డులో చిన్న కారు కట్టేశాడు. అప్పట్లో చాలా కార్లకి చైన్లూ బెల్టులే దిక్కు. ఇతను షాఫ్ట్ పెట్టాడు. టాప్ గేర్‌లో ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే షాఫ్టూ అంతే. ఇక వేగం తగ్గించి బలం పెంచే పనంతా యాక్సిల్ పళ్లదే. బాబాయి తలనొప్పికి మూలం ఇదే అన్నమాట!

1898 డిసెంబర్ 24న మోంమార్త్ర్‌లోని నిటారు రూ లెపిక్ వీధిని ఆ బుల్లి కారుతో ఎక్కేశాడు. వెంటనే ఆర్డర్లు.

1903లో పారిస్-మాడ్రిడ్ రేసు అన్న మార్సెల్‌ని బలి తీసుకుంది. యుద్ధంలో ఫ్యాక్టరీ జర్మన్లకి పనిచేసిందని 1944లో లూయీని అరెస్టు చేశారు. విచారణ జరక్కుండానే పోయాడు. అది చదివాక కాసేపు లెక్క ముందుకు సాగలేదు.

బాబాయి రోజూ ఎక్కేది కొండలే కాబట్టి, హైవే మీద పెట్రోలు కాస్త ఎక్కువ తాగినా సరే, 4.56 వేయించమన్నాను. ముందు యాక్సిల్‌కీ అదే.