త్రైలింగస్వామి

నెల్లిమర్లకు చేరువనున్న రామతీర్థమున బౌద్ధ, జైన శిథిలములును రామాలయమును గలవు. నచ్చిన మార్గమును వెదకికొనుట ఆ సీమకు క్రొత్త గాదు. ఆ విజయనగర సీమవాడే త్రైలింగస్వామి. ఆయన చరిత్రకారులు చెప్పిన కథ యిది.

ఆయన తొలి పేరు శివరాముడు. సంపన్నుడగు నరసింహారావునకు పెద్దకుమారుడు. పెండ్లియాడి ఆస్తిని చూచుకొనవలెనని తండ్రి కోరెను. శివరాముని మనస్సు ధ్యానమునందే నిలిచియుండెను. తండ్రి మాట కాదనుట కష్టము. తన మనస్సును వంచించుట అంతకన్న కష్టము. తల్లి విద్యావతి కుమారుని పక్షము వహించెను.

తండ్రి గతించినంతనే శివరాముడు ఆస్తిని తమ్మునికి విడిచెను. తల్లిని మాత్రము విడువలేదు. ఆమె జీవించినంతకాలము సేవించెను. ఆమె మరణానంతరము, ఆమె చితి మండిన శ్మశానముననే సుమారు ఇరువది యేండ్లు సాధన చేసెను. అచ్చటికి వచ్చిన భగీరథానంద సరస్వతి వెంట పుష్కరమునకేగి, సన్న్యాసము స్వీకరించి గణపతి సరస్వతి యయ్యెను.

తుదకు కాశి చేరెను. తెలుగుదేశమునుండి వచ్చినవాడగుటచే అచ్చటివారు ఆయనను త్రైలింగస్వామి యనిరి. 1868లో శ్రీరామకృష్ణ పరమహంస ఆయనను దర్శించెను. 1887లో స్వామి కాశియందే సిద్ధిపొందెను.

తన మార్గమేదో ఆయన బాల్యముననే యెరిగెను. అయినను తల్లి ఋణము తీరువరకు ఇల్లు విడువలేదు. ఆ ఓర్పే ఆయన తొలి తపస్సు.